స్వస్థల వ్యామోహ నివారణ

ప్రభుత్వోద్యోగి సొంత ఊళ్లో పనిచేయకూడదన్నది చాలా గొప్ప నియమం. సొంత ఊళ్లో కుర్చీ వేస్తే ఊళ్లో వాళ్లంతా తెలిసినవాళ్లే అయి కూర్చుంటారు. ఎవరి కష్టం ఏమిటో అర్థమైపోతుంది. ఖర్మ కాలితే పని కూడా చేసిపెట్టాల్సి వస్తుంది. అదే ఈ మూలవాణ్ని ఆ మూలకు విసిరేస్తే వాడికి ఎవరూ తెలియరు, వాడు ఎవరికీ తెలియడు, పరిపాలన నిష్పక్షపాతంగా నిద్రపోతుంది.

ఈ నియమం పుణ్యమా అని, కడప జిల్లా పోరుమామిళ్లలో పుట్టిన ఓబులేసు గోదావరి పాయల నడుమ గోగులపాలెంలో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయాడు. భార్య సుభాషిణి పోరుమామిళ్ల బడిలో టీచరు. ఆమె శాఖ వేరు, ఆయన శాఖ వేరు కాబట్టి మొగుడూపెళ్లాలు ఒకచోట ఉండాలన్న నిబంధన వీళ్లకు వర్తించదని ఒక శాఖ, వర్తించినా తమ పరిధిలోకి రాదని ఇంకో శాఖ ఏటేటా తేల్చి చెబుతూ వచ్చాయి. కూతురు నడక నేర్చుకోవడం, బడిలో చేరడం, పాలపళ్లు ఊడటం, అన్నీ ఆయన ఫోన్లోనే చూశాడు. ఇంటికి పోవాలి, అంతే. ప్రమోషను వద్దు, పేరు వద్దు. ఓబులేసు జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

ఆయన సూపరింటెండెంటుగా ఉన్నది వరద వార్తల పావురాల విభాగానికి. గోదావరి పొంగి స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయినప్పుడు పడవల వాళ్లు పావురాలను బుట్టల్లో లంక గ్రామాలకు తీసుకుపోతారు. అక్కడివాళ్లు చీటీ రాసి కాలికి కట్టి వదిలితే, పావురం తిన్నగా గోగులపాలెం గూటికి వచ్చి వాలుతుంది. పావురానికి తెలిసిన విద్య అదొక్కటే, ఇంటికి రావడం. ఆ ఒక్క విద్యను నమ్ముకుని ఒక ఆఫీసు, ఒక జీపు, ఆ జీపుకు డీజిలు రాక బీడీలు కాల్చుకునే ఒక డ్రైవరు, మేత వేసే సత్తిబాబు బతుకుతున్నారు. సత్తిబాబు మేత కన్నా యూనియను పని ఎక్కువ శ్రద్ధగా చేస్తాడు.

ఇంతలో తనిఖీ బృందం వచ్చిపోయింది. వచ్చిపోయిన పక్షం రోజులకు కాగితం వచ్చింది.

"సదరు విభాగమునందలి పావురములన్నియు తాము జన్మించిన గూటియందే ఆదినుండి విధులు నిర్వర్తించుచున్నట్లును, అన్యప్రదేశములకు పంపినప్పటికిని అదే దినమున స్వస్థలమునకు చేరుకొనుచున్నట్లును తనిఖీయందు వెల్లడైనది. ఇది బదిలీ నిబంధనలకు పూర్తిగా విరుద్ధము. బాధ్యులపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

ఓబులేసు మొదట నవ్వాడు. రెండోసారి చదివాక నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే పావురాలు గూటి మీద వరసగా కూర్చుని ఈకలు సవరించుకుంటున్నాయి. ఎన్నేళ్లుగానో తనకు దొరకని పోస్టింగు వీటికి గుడ్డులోంచి బయటపడగానే దొరికిందే అని ఆయనకు నిజంగానే కడుపు మండింది.

అయినా న్యాయంగా జవాబు రాశాడు. ఇంటికి రావడం పావురాలకు పుట్టుకతో వచ్చిన బుద్ధి, అందులో పైరవీ ఏమీ లేదు, ఆ బుద్ధి వల్లనే విభాగం నడుస్తోంది అని. ఆ జవాబు పైకి పోయింది, పోయి ఏకంగా కమిషనరుగారిని వీడియో కాన్ఫరెన్సులోకి లాక్కొచ్చింది.

కమిషనరు హైమవతిగారికి శిక్షణ అంటే ప్రాణం. ఆవిడ హయాంలో బంట్రోతులకు బల్ల తుడవడంలో మూడంచెల శిక్షణ నడిచింది. ముప్పై ఏళ్లుగా బల్లలు తుడుస్తున్నవాళ్లు అది పూర్తయ్యాక ఏ అంచెలో ఉన్నారో తెలియక తుడవడం మానేశారు.

"ఓబులేసుగారూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి అని రాశారు. సర్వీసు నిబంధనల్లో అలాంటి అర్హత ఎక్కడుందో చూపించగలరా?" అన్నారు ఆవిడ తెర మీద నుంచి.

"లేదు మేడమ్. కానీ అవి పక్షులు..."

"జీతానికి బదులు మేత తింటున్నాయా లేదా? తింటున్నాయి కాబట్టి సిబ్బందే. శిక్షణ లేకుండా చేసే పని పని కాదండీ, అలవాటు. ప్రభుత్వం అలవాట్ల మీద నడవదు, ఆదేశాల మీద నడుస్తుంది. వాటిని బదిలీ చెయ్యండి. పోయినచోట ఉండేలా శిక్షణ ఇవ్వండి."

"మేడమ్, ఇంటికి రాకపోతే ఇక అవి చీటీలెట్లా తెస్తాయి?"

హైమవతిగారు జాలిగా చూశారు. "సిబ్బంది వ్యవహారం ఒక ఫైలు, వినియోగం ఇంకో ఫైలు. రెండూ కలపకండి." తరవాత గొంతు తగ్గించి, "మీ బదిలీ అర్జీ కూడా నా దగ్గరే ఉంది. పోరుమామిళ్ల కదూ? ఈ పథకం నూటికి నూరు శాతం చేసి చూపించండి. ఆర్డరు మీద నేనే స్వయంగా సంతకం పెట్టి మీ చేతికిస్తాను," అన్నారు.

ఓబులేసు నోట్లో ఇంకా రెండు మూడు అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని అక్కడే మింగేశాడు. పావురాలకు ఇల్లు మరిపిస్తే తనకు ఇల్లు దక్కుతుంది. బేరం ఎంత నీచమైనదో ఆయనకు తెలియకపోలేదు. ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసి, "వస్తాండానమ్మా, ఈసారి గట్టిగా వస్తాండా," అని మాత్రం చెప్పాడు.

మొదటి ఘట్టం బదిలీల కౌన్సెలింగు. షామియానా వేశారు. కాలి కడియం మీది నంబర్ల ప్రకారం సీనియారిటీ జాబితా అంటించారు. పావురాల తరఫున ఐచ్ఛికాలు చెప్పడానికి యూనియను కార్యదర్శి హోదాలో సత్తిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఆయ్, ముందు మొగుడూపెళ్లాల కేసులు తేల్చాలండి. ఈ బూడిదరంగుదీ ఆ తెల్లదీ జంటండి. విడదీస్తే ఒప్పుకోం. కోర్టుకెళ్తాం."

"రెండూ ఒకే శాఖే గదప్పా, ఇచ్చేద్దాం," అన్నాడు ఓబులేసు.

"ఈ కుంటిదానికి వైద్య కారణాల మినహాయింపు కావాలండి. ఇది గుడ్ల మీదుందండి, ప్రసూతి సెలవు. ఈ మచ్చలదానికి ఎమ్మెల్యేగారి సిఫార్సు లెటరుందండి."

"పావురానికి సిఫార్సా?"

"పావురం ఆయనకెలా తెలుస్తుందండి బాబూ! లెటర్‌హెడ్డు నా దగ్గరుంటే నేనే రాసుకున్నానండి. మనుషులవీ అలాగే కదండి వచ్చేది."

సాయంత్రానికి ఉత్తర్వులు తయారయ్యాయి. ఒక్కో పావురాన్నీ విధుల నుంచి విముక్తం చేస్తూ కాగితం రాసి, డీజిలు పోయించుకున్న జీపులో రకరకాల మండలాఫీసులకు పంపారు. అక్కడి గుమాస్తాలు వాటిని చేర్చుకుని, విధుల్లో చేరినట్టు చీటీ రాసి కాళ్లకు కట్టి, గూళ్లు లేవు కాబట్టి కిటికీ అంచున కూర్చోబెట్టారు.

మర్నాడు టిఫిన్ వేళకు పావురాలన్నీ గోగులపాలెం గూట్లో ఉన్నాయి. ఒక్కోదాని కాలికీ "ఈ కార్యాలయమునందు విధులలో చేరి పనిచేయుచున్నది" అన్న చీటీ వేలాడుతోంది. సత్తిబాబు జొన్నల డబ్బా ఆడిస్తే అన్నీ ఎగబడ్డాయి.

పైవాళ్లు ఊరుకోలేదు. పోస్టు వదిలి పరారైనందుకు పావురాలన్నిటికీ తలొక చార్జిమెమో వచ్చింది. వారంలో జవాబు రాకపోతే నేరం ఒప్పుకున్నట్టే భావిస్తామని అందులో ఉంది. వారం గడిచింది. పావురాలు నేరం ఒప్పుకున్నాయి.

అప్పుడు దిగారు డాక్టర్ కృపానిధిగారు. పెద్ద పెద్ద సంస్థల్లో మేనేజర్లకు మనసు మార్చే శిక్షణ ఇస్తారని ఆయనకు పేరు. కాన్ఫరెన్సు హాలులో పావురాల బుట్టలను వరసగా పెట్టించి, ఏసీ వేయించి, తెర మీద మొదటి బొమ్మ చూపించారు.

"ఇల్లు అంటే ఏమిటి? ఇల్లు ఒక కంఫర్ట్ జోన్! దాన్ని బ్రేక్ చేసినవాడే ఎదుగుతాడు!" అని గర్జించారు.

ఏసీ చల్లదనానికి పావురాలు ముక్కులు రెక్కల్లో దోపుకుని నిద్రపోయాయి. అది లోతైన ఆత్మపరిశీలన అని డాక్టరుగారు ఓబులేసు చెవిలో చెప్పారు. మధ్యాహ్నం అందరికీ టీ బిస్కెట్లు వచ్చాయి. చివర్లో ప్రతి పావురానికీ అభిప్రాయ పత్రం ఇచ్చారు. పావురాలు తమ అభిప్రాయాన్ని వాటి మీద ధారాళంగానే వేశాయి. హాలు కడిగిన మనిషి మాత్రం ఆ అభిప్రాయాన్ని నోటితో చెప్పింది, ఇక్కడ రాయడం బాగుండదు.

ఆ తరవాత పరీక్ష. బుట్టలను దూరంగా తీసుకుపోయి వదలాలి. తిరిగొచ్చినది ఫెయిలు. తిరిగి రానిది పాస్. అంతకన్నా సులువైన పరీక్ష ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు.

మొదటి విడతలో రెండే పాసయ్యాయి. డాక్టరుగారు ఓబులేసును కౌగిలించుకున్నారు. సత్తిబాబు మాత్రం బుర్ర గోక్కుంటూ వచ్చాడు.

"సార్, ఆ రెండిట్నీ డేగ ఎత్తుకుపోయిందండి. కాలవ గట్టు మీద ఈకలు చూశానండి."

"మళ్లీ చెప్పొద్దప్పా ఆ మాట," అన్నాడు ఓబులేసు.

డేగ ఆ నెలంతా కష్టపడి శిక్షణ ఇచ్చింది. ఎండ కొంత ఇచ్చింది. ఒక మండలాఫీసులో గుమాస్తాల ఆదివారం విందు మరికొంత ఇచ్చింది. ఉత్తీర్ణత పెరిగిన కొద్దీ పైనుంచి అభినందనలు కూడా పెరిగాయి. ప్రతి వారం నివేదికలో "శిక్షణ ఫలితంగా స్వస్థల వ్యామోహాన్ని శాశ్వతంగా విడిచినవి" అన్న గడిలో అంకె వేస్తున్నప్పుడు ఓబులేసు కిటికీలోంచి గూటి వైపు చూసేవాడు కాదు. శాశ్వతంగా అన్న మాట ఒక్కటైనా నిజమే కదా అని సర్దిచెప్పుకునేవాడు. పక్షులంటే ఆయనకు ప్రేమ లేక కాదు, కూతురంటే ఎక్కువ ప్రేమ. మనిషి చేసే వెధవ పనులు చాలావరకు ఇలాంటి మంచి కారణాల వల్లనే జరుగుతాయి.

చివరకు గూట్లో ఒక్కటే మిగిలింది. రెక్కల చివర నల్లగీత ఉంటుంది కాబట్టి సత్తిబాబు దాన్ని నల్లంచు అనేవాడు. ఎక్కడ వదిలినా వచ్చేసేది. ఏలూరు నుంచి వచ్చింది, విజయనగరం నుంచి వచ్చింది. ఒకసారి డేగ తన్నుకుపోబోతే తోకలో సగం దానికి గురుదక్షిణగా ఇచ్చి మరీ వచ్చింది. దాని మూలంగా నూరు శాతం కావాల్సిన పథకం నూరు కాకుండా ఆగిపోయింది.

"ఎందుకండీ ఈ గొడవంతా, సాయంత్రం ఓ కుండెక్కిస్తే సరిపోద్ది కదండి," అన్నాడు సత్తిబాబు.

ఓబులేసు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతి కింద దాని గుండె గబగబా కొట్టుకుంటోంది. ఇంటికి వస్తానన్న పాపానికి దీన్ని చంపాలా? ఆయన వల్ల కాలేదు. అందుకని ప్రయోగం నిమిత్తం సుదూర ప్రాంతానికి తీసుకుపోతున్నట్టు రాశాడు. తన కోసం ఎన్నడూ మంజూరు కాని సెలవు పావురం కోసం గంటలో మంజూరైంది.

నల్లంచును పంజరంలో తీసుకుపోయి పోరుమామిళ్లలో ఒక్క రాత్రి ఉన్నాడు. కూతురు పంజరం ముందు నుంచి కదలలేదు. సుభాషిణికి మాత్రం గట్టిగా చెప్పాడు. "నా ఆర్డరు చేతికొచ్చేదాకా దీని తలుపు తీయొద్దు మే. మన బతుకు దీని కాళ్లకు కట్టి ఉండాది."

"పిట్టకు మన బతుకెందుకు కట్టినారు?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ప్రభుత్వం మొత్తాన్ని వివరించాలి కాబట్టి ఆయన బస్సెక్కేశాడు.

గూడు ఖాళీ అయింది. పథకం నూరు శాతం విజయవంతమైంది. సన్మాన సభకు హైమవతిగారు స్వయంగా గోగులపాలెం వచ్చారు. ఖాళీ గూటికి పూలదండలు కట్టారు. ఒక్క పావురం కూడా లేని పావురాల విభాగాన్ని చూసి ఆవిడ కళ్లు చెమర్చాయి.

"క్రమశిక్షణ అంటే ఇదీ!" అన్నారు మైకులో. "స్వస్థల వ్యామోహ రహిత సమాజానికి ఇది తొలి అడుగు. ఇక నేనిచ్చిన మాట."

చేతిలో కవరు. కవరులో ఆర్డరు. ఓబులేసు వేదిక మెట్లు ఎక్కుతున్నాడు. సరిగ్గా అప్పుడే షామియానా అంచు మీదుగా ఏదో జారి వచ్చి, పూలదండల మధ్య గూటి మీద వాలింది. సగం తోక, రెక్కల చివర నల్లగీత. దాహంతో నోరు తెరుచుకుని ఉంది. కాలికి చీటీ కట్టి ఉంది.

"నల్లంచండి! మన నల్లంచొచ్చేసిందండి!" అని యూనియను కార్యదర్శి హోదా మరిచి గంతులేశాడు సత్తిబాబు.

ఓబులేసు గూటి దగ్గరికి చేరేలోపే ఎవరో చీటీ విప్పి కమిషనరుగారి చేతిలో పెట్టారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మైకులోనే చదివారు.

"ఫోన్ ఎత్తడం లేదు మీరు. మీ పిట్ట మేత ముట్టలేదు. పాప ఒకటే ఏడుపు. మన ఇల్లు చూసి దానిల్లు మరిచిపొమ్మంటే ఎట్లా మరుస్తాది? పొద్దున్నే విడిచినా. మీరెప్పుడు వస్తారు? పోరుమామిళ్ల నుంచి సుభాషిణి."

తన బదిలీని తన భార్యే, దయ తలిచి, తెల్లారగట్ల గాల్లోకి వదిలేసిందని ఓబులేసుకు అర్థమైంది. ఆమె మీద కోపం రాలేదు. ఆ స్థానంలో ఉంటే పాత ఓబులేసు కూడా అదే పని చేసేవాడు.

"అయితే ఫెయిలన్నమాట," అని మెల్లగా అన్నారు కృపానిధిగారు, అభినందన శాలువాను భుజం మీంచి తీస్తూ.

"ఎవరన్నారు?" అన్నారు హైమవతిగారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "చూడండి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది? కడప జిల్లా నుంచి. ఆర్డరు లేదు, జీపు లేదు, ప్రయాణ భత్యం లేదు. కడప జిల్లా నుంచి బయల్దేరి తనంత తాను గోగులపాలెం వచ్చి విధుల్లో చేరింది. సాయంత్రం లోపు! బదిలీ అయిన ఏ ఉద్యోగి చేరాడండీ ఇంత వేగంగా?"

జనం చప్పట్లు కొట్టారు. కృపానిధిగారు శాలువా మళ్లీ కప్పుకున్నారు.

"మేడమ్, అయితే నా ఆర్డరు..." అన్నాడు ఓబులేసు.

"అదే ఆలోచిస్తున్నాను," అంటూ ఆవిడ కవరును ఫైలులో పెట్టేశారు. "ఇంత గొప్ప శిక్షకుణ్ని వదులుకునే స్థితిలో ప్రభుత్వం లేదు. పైగా మీరే చెప్పండి, స్వస్థల వ్యామోహ నివారణ పథకానికి అధిపతి స్వస్థలానికి పోతే పథకం పరువేం కావాలి? వచ్చే నెల నుంచి ఉపాధ్యాయులతో మొదలుపెడదాం. మనుషుల విడత మీ చేతుల మీదుగానే జరగాలి."

అందరూ మిరపకాయ బజ్జీలు తిని వెళ్లిపోయారు. ఓబులేసు నల్లంచు ముందు నీళ్ల చిప్ప పెట్టాడు. అది కడుపారా తాగి, తన అరలోకి పోయి, ఇన్నాళ్లూ ఎక్కడ నిలబడేదో అక్కడే నిలబడి కళ్లు మూసుకుంది. దాని ముఖంలో ఉన్న నిశ్చింతను ఆయన చాలాసేపు చూశాడు. చూసి చూసి లోపలికి పోయి, సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు నడిచాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. అలా అనుకోవడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి, ఒళ్లంతా తేలికైంది.

కడప జిల్లాకు పోయే బద్వేలు బస్సు సిద్ధంగా ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఓబులేసు మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది, సెలవుకు అర్జీ పెట్టలేదని. హెడ్‌క్వార్టర్సు వదలడానికి అనుమతి లేదని. సోమవారం నివేదిక పంపాలని. పోస్టు వదిలి పరారైనవాళ్లకు వచ్చే చార్జిమెమో నమూనా తన చేత్తోనే తయారు చేశాడని.

"ఎక్కుతారా లేదాండి గురువుగారూ?" అన్నాడు కండక్టరు.

"సెలవు శాంక్షన్ కాలేదప్పా."

"దారడ్డం లేవండయితే."

ఓబులేసు కాలు కిందికి దించాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. తరిమినవాళ్లు లేరు, పట్టుకున్నవాళ్లు లేరు, పంజరం లేదు. కృపానిధిగారి పద్ధతి ఇన్నాళ్లకు ఒకరి మీద పూర్తిగా పనిచేసింది.

జేబులో ఫోను మోగింది. అవతల కూతురు.

"నాన్నా, పిట్ట వాళ్లింటికి చేరుకున్యాదా?"

"చేరింది తల్లీ. నీళ్లు తాగి పండుకుండాది."

"అంత దూరం ఒక్కటే ఎట్లబోయింది నాన్నా?"

"దానికి దారి తెలుసమ్మా."



"మరి నువ్వు యాల రావు? నీకు దారి తెల్దా?"

"తెలుసు తల్లీ," అన్నాడు ఓబులేసు. "పర్మిషనే రాలేదు."